మూడూ పదికి బోర్డు ముందు ఎవరున్నారు

ముందే ఒక మాట చెప్తున్నాను. ఆ సినిమా మీరు చూసే ఉంటారు. అందులో నడుము లోతు నీళ్లలో నిలబడి, చివరి ఊరికి ఫోను కలిపి, తల వాల్చేసిన ఆపరేటరమ్మ ఉంది చూశారూ, ఆవిడ మా వదిన. నీళ్లు ఆ గదిలోకి రానే లేదు. ఎలా వస్తాయండీ? ఎక్స్ఛేంజి మేడ మీద ఉండేది. ఇరవై రెండు మెట్లు. కింద పోస్టాఫీసు కౌంటరు మునిగింది నిజమే గానీ, పైన మూల నిలబెట్టిన చీపురు కూడా తడవలేదు. ఇక ప్రాణం పోవడం అంటారా, ఆ సినిమా వచ్చేనాటికి వదినకి అరవై ఆరేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులు, నాతో రోజుకు మూడు పూటలా పోట్లాట.

హాల్లోంచి బయటికొస్తూ నా చెయ్యి పట్టుకుని అంది, "బతికుండగానే చంపారు సరే, అంత పొడుగు ఏడుపు పాటెందుకే? మీ అన్నయ్య బతికుంటే నిజంగా పోయినా అంతసేపు ఏడ్చేవాడు కాదు."

నేను నవ్వాను. వదిన నవ్వలేదు. ఆవిడ బాధ తన చావు గురించి కాదు. అదే సినిమాలో కళ్లజోడు పెట్టుకుని, టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగి పారిపోయేవాడు ఒకడున్నాడు. బాధంతా వాడి గురించి.

మొదటినుంచీ చెప్తాను.

మా అన్నయ్యని చేసుకుని వచ్చేటప్పటికే వదినకి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. చెవికి హెడ్‌ఫోను ఇనప పట్టీ, ఎదురుగా చిల్లుల బోర్డు, చేతిలో తాళ్లు. ఆ చిల్లులోంచి ఈ చిల్లులోకి తాడు గుచ్చితే ఆ ఊరు ఈ ఊరుతో మాట్లాడేది. ఇంట్లోనూ అదే వరస. ఏది చెప్పినా తిరిగి చెప్పించేది. "బజార్లో రెండు కిలోల ఉల్లిపాయలు, ఒక సబ్బు. ఏదీ, తిరిగి చెప్పు." చెప్పకపోతే గుమ్మం దాటనిచ్చేది కాదు. వీధిలో పేరు హలోగారు. మా రెండు వాటాలకీ మధ్య ఒకటే గోడ. ఇవతల నా కుట్టుమిషన్, అవతల ఆవిడ. గోడ మీద రెండుసార్లు కొడితే టీ, మూడుసార్లు కొడితే కబుర్లు.

ముప్పై నాలుగేళ్ల కిందట పైన ఆనకట్ట తెగింది. ఏటి పొడుగునా పదకొండు ఊళ్లు. ఊరికొక ఫోను. ఆ మధ్యాహ్నం ఎక్స్ఛేంజి నుంచి పదకొండు ఊళ్లకీ కబురు వెళ్లింది. జనం మిట్టకెక్కారు, బతికారు. ఫోను కలిపినప్పుడల్లా ఒక చీటీ రాయాలి, దాన్ని టికెట్ అనేవాళ్లు. ఏ ఊరు, ఎన్ని గంటలకి, మూలన ఆపరేటరు నంబరు. పదకొండు టికెట్ల మీదా పద్నాలుగు అని ఉంది. పద్నాలుగో నంబరు మా వదిన. పేపర్లో ఫోటో వచ్చింది, పెద్దాఫీసరు శాలువా కప్పాడు, అద్దం కట్టిన ప్రశంసాపత్రం ముందుగదిలోకి వచ్చింది. నేను అందరికీ చెప్పుకున్నాను. చెప్పినప్పుడల్లా నీళ్లు కొంచెం కొంచెం పెంచాను కూడా, అబద్ధమెందుకు. మొదట్లో నేను చెప్పినప్పుడు నీళ్లు పదో మెట్టు దగ్గరుండేవి. పదేళ్లయ్యేసరికి ఇరవయ్యో మెట్టుకెక్కాయి. మిగతా రెండు మెట్లూ సినిమావాళ్లు ఎక్కించారు.

పోయినేడు ఒకాయన వచ్చాడు. సినిమాకి కథలు రాసేవాడట. మెత్తటి మాట, మెత్తటి చెప్పులు, చేతిలో చిన్న రికార్డరు. నాకైతే సంబరం. వదిన మాత్రం తలుపు సగమే తీసింది.

"ఆంటీ, మీ జీవితం సినిమాగా..."

"మీ నంబరివ్వండి" అంది. ఇచ్చాడు. లోపలికెళ్లి ఆ నంబరుకి ఫోను చేసింది. గుమ్మంలో ఆయన జేబులో మోగింది. "నంబరైతే నిజమే. మనిషి సంగతి తర్వాత చూద్దాం" అని అప్పుడు కుర్చీ వేసింది.

మొదటి వారంలో ఆయన మూడుసార్లు వచ్చాడు. ఎవరైనా తన గొప్ప చెప్పుకుంటారా లేదా? ఈవిడ ఆయన్నే ఎదురు ప్రశ్నలు వేసేది. సినిమాలో ఇంకెవరుంటారు? సూపర్‌వైజరుగారు ఉంటారా? ఉంటే ఏం చేస్తారు? ప్రతిసారీ తిరిగి తిరిగి ఆయన దగ్గరికే. ఎక్స్ఛేంజిలో వదిన పక్క బోర్డు ఆయన, ఆ సూపర్‌వైజరుగారు, పోయి అప్పటికే పన్నెండేళ్లు. నాకు పాడుబుద్ధి పుట్టింది. చెప్పడానికి సిగ్గే గానీ చెప్తున్నాను. ఒంటరి గది, రెండు బోర్డులు, పొద్దస్తమానం పక్కపక్కన కూర్చోవడం. మా అన్నయ్య అమాయకుడు. ఆ వారం వదిన టీ ఇస్తే చక్కెర తక్కువైందా ఎక్కువైందా అని కూడా చూడకుండా ఆవిడ మొహమే చూశాను.

మూడోసారి కథాయన అసలు సంగతి బయటపెట్టాడు. "కథకి ఒక పిరికివాడు కావాలి ఆంటీ. పారిపోయేవాడు పక్కన లేకపోతే నిలబడ్డవాళ్లు కనబడరు. సూపర్‌వైజరు మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతాడు. తలుపు చప్పుడు. మీరొక్కరే."

"ఆయన వెళ్లలేదు."

"అంటే... డ్రామా కోసం. మీరేగా చివరిదాకా ఉన్నారు, మీకు తెలుసుగా."

వదిన ఖాళీ టీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. ఆయన సినిమాకి ఒప్పుకున్నట్టు ఒక కాగితం తీశాడు, సంతకం పెట్టమన్నాడు. కళ్లజోడు కనబడటం లేదంది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

మర్నాడు ఇంకో ఆవిడ వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుంది, నాకు మొహం తెలుసు గానీ ఎవరి కూతురో తెలియదు. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"పిన్నిగారూ, సినిమావాళ్లు మా షాపుకొచ్చి నాన్న ఫోటో అడిగారు. అచ్చం అదే కళ్లజోడు, అదే చొక్కా, అదే డబ్బా చేయిస్తాం, చరిత్ర కదా, పొల్లు పోకూడదన్నారు. సంతోషపడి ఇచ్చాను. తర్వాత వాళ్ల దర్జీ నోరుజారాడు, ఆ చొక్కా పరిగెత్తే సీను కోసమట. నాన్న పారిపోయాడా?"

"లేదమ్మా."

"అయితే ఆ మాట రాసివ్వండి. ఆ గదిలో మీరిద్దరే ఉన్నారు. మీరొక్కరే సాక్షి. అమ్మకి ఎనభై రెండు. సినిమా చూడదు గానీ చూసినవాళ్లు ఇంటికొచ్చి చెప్పి మరీ పోతారు."

వదిన చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "నేను చూడలేదమ్మా" అంది.

"చూడలేదా? పక్కపక్కన కూర్చుని చూడలేదా?" ఆవిడ నా వైపు తిరిగింది, నన్నేదో సాక్ష్యం అడిగినట్టు. నేను సూదిలో దారం ఎక్కించుకుంటూ తల దించుకున్నాను. "సరే. శాలువా మీది, చొక్కా మా నాన్నది" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

అప్పుడు నిజంగా అనుమానం పట్టుకుంది నాకు. ఇందాకటి పాడు అనుమానం కాదు, ఇంకోటి. పారిపోలేదని ఒక నోటితో, చూడలేదని ఇంకో నోటితో. రెండూ ఎలా కుదురుతాయి?

రెండు రోజులకి కథాయన పాత పేపరు ముక్క పట్టుకొచ్చాడు. అందులో ఆ రోజు టికెట్ల పట్టీ అచ్చువేశారు. గోడ ఇవతల నా మిషన్ ఆపి వింటున్నాను. గట్టిగా చదువుతున్నాడు. "రెండూ ఇరవై, రెండూ ముప్పై, రెండూ నలభై, మూడూ పది, మూడూ పదిహేను, మూడూ ఇరవై ఐదు..."

మూడూ పది దగ్గర నా కాలు పెడల్ మీదే ఉండిపోయింది.

ఎందుకంటే మూడు గంటలకి మిల్లు కూత కూస్తుంది. ఆ కూత విన్నాకే నేను మిషన్ ఆపి టీ పెట్టుకుంటాను, ఈ రోజుకీ అంతే. ఆ రోజు నీళ్లు మరుగుతుండగా గుమ్మంలోకి వదిన వచ్చింది. బడి నుంచి వాళ్ల పిల్లాణ్ణి చంకనేసుకుని, ఇద్దరూ తడిసి ముద్దై. "వీణ్ణి చూసుకో, నేను వెనక్కి పోవాలి" అని వాణ్ణి నా ఒళ్లో పడేసి పరిగెత్తింది. వాడి తల తుడిచింది నేనే. తుడిచిన తువ్వాలు రంగు కూడా చెప్తాను, పసుపుపచ్చ. ముప్పై నాలుగేళ్లు ఈ కథ ఊరంతా చెప్పాను, వదిన లేవకుండా కూర్చుందని చెప్పాను. నా గుమ్మంలో నిలబడ్డ మనిషిని నేనే కథలోంచి తీసేశాను. ఎవరూ తీయమనలేదు. అది ఉంటే కథ అంత బాగుండదు, అంతే.

కథాయన వెళ్లాక గోడ కొట్టకుండా నేరుగా వెళ్లాను.

"వదినా, మూడూ పదికి నువ్వు నా గుమ్మంలో ఉన్నావు."

"ఉన్నాను."

"మరి బోర్డు ముందు ఎవరున్నారు?"

కొంగుతో కళ్లజోడు తుడిచింది. "ఆయనే. మొదటి మూడు ఊళ్లూ నేను కలిపాను. నాలుగోది కలపబోయి తాడు వేరే చిల్లులో గుచ్చాను. బడి కాలవ పక్కనే కదే. ఆయన నా చెవి పట్టీ తీసి తను పెట్టుకున్నాడు. 'పోయి పిల్లాణ్ణి తెచ్చుకోమ్మా, ఊళ్లెక్కడికీ పోవు' అన్నాడు. తెచ్చి నీకిచ్చి వెనక్కి బయల్దేరా. కల్వర్టు దగ్గర రోడ్డు లేదు. కలప అడితీ మేడ మీద ఇంకో ఇరవై మందితో నిలబడి తెల్లారాక ఎక్స్ఛేంజికి పోయాను. ఆయన కుర్చీలోనే నిద్రపోతున్నాడు. మిగతా ఎనిమిదీ ఆయన కలిపాడు."

"మరి టికెట్ల మీద నీ నంబరేమిటి?"

"సీటు ఎవరిదో నంబరు వాళ్లది. అది అక్కడ అలవాటు. నేను ఐదు నిమిషాలు బయటికెళ్లి ఇంకొకరు కూర్చున్నా నా నంబరే రాయాలి. లేకపోతే సాయంత్రం టికెట్ల కట్టలు డ్యూటీ చార్టుతో కలవవు, ఇద్దరికీ మెమో. ఆయన చెయ్యి అలవాటుగా పద్నాలుగు రాసుకుంటూ పోయింది. పేపరువాళ్లొచ్చి నంబరు చూశారు, నన్ను పట్టుకున్నారు. నేను చెప్పబోయాను. ఆయన పక్కకి పిలిచి, 'చెప్తే డ్యూటీలో సీటు వదిలి వెళ్లినట్టు రాయాలి, ఉద్యోగం పోతుంది, ఊరుకో' అన్నాడు. ఊరుకున్నాను."

"రిటైరయ్యాక?"

"అప్పటికి శాలువా పాతదైపోయింది కదా అనుకున్నా" అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియలేదు. ఆవిడ మీద సగం, నా మీద సగం.

కథాయనకి ఫోను చేసి పిలిచి, రికార్డరు ఆన్ చేయించి, వదిన అంతా చెప్పింది. తిరిగి చెప్పమని ఆయన చేత చెప్పించింది కూడా. ఆయన కళ్లు చెమర్చాయి. దీంతో పని అయిపోయిందనుకున్నాం.

"మీరు ఎంత గొప్పవారు ఆంటీ. చేసిందంతా చేసి, ఇంకొకరికి ఇచ్చేస్తున్నారు."

"ఇవ్వడం లేదు నాయనా. ఆయనదే."

"మా డైరెక్టరుగారికీ చెప్తాను. ఆయనా అదే అంటారు చూడండి, నిజమైన హీరోలు ఇలాగే మాట్లాడతారు." పేపరు ముక్క మీద వేలు పెట్టాడు. "కానీ రికార్డు చూడండి. పదకొండూ పద్నాలుగే. రికార్డుని కాదని మేం తీయలేం కదా."

"పారిపోవడం ఏ రికార్డులో ఉంది?" అన్నాను నేను.

"అది కల్పన అండీ."

"ఓహో. మాకు రికార్డు, మీకు కల్పన."

ఆయన నవ్వేసి టీ తాగేసి వెళ్లాడు. సంతకం కాగితం మళ్లీ తీయలేదు. అది లేకుండానే తీస్తారని మాకు తర్వాత తెలిసింది. పాత్ర పేరు మారిస్తే చాలట.

మందుల షాపుకి వదిన ఒక్కతే వెళ్లింది. కౌంటరు ముందు నిలబడి, దగ్గు మందు కొనడానికొచ్చినవాళ్లు వింటుండగానే చెప్పిందట. ఆ కూతురు సీసాలు సర్దుతూనే "నాన్న ఉన్నప్పుడు ఈ నోరు ఏమైంది?" అందట. తర్వాత, "మీ మాటొక్కటే చాలదు. కథ మార్చుకుని వచ్చారంటారు. సినిమా వాళ్లే నమ్మలేదంటున్నారు, మా అమ్మ నమ్ముతుందా?"

ఆ రాత్రికి రాత్రే వదినకి తట్టిందో, షాపు నుంచి వచ్చే దారిలోనే తట్టిందో గానీ పొద్దున్నే గోడ మూడుసార్లు మోగింది.

"ఏమే, ఫోను చేసినవాడొకడైతే ఎత్తినవాళ్లు ఎనిమిది మంది. వాళ్లకి వినబడింది ఆడగొంతో మగగొంతో వాళ్లకి తెలియదా?"

అలా మొదలైంది మా తిరుగుడు. బస్సులు, షేరు ఆటోలు, మోకాళ్లకి పట్టీలు. ఇటుక బట్టీల ఊళ్లో ఫోను ఎత్తినాయన మంచం మీదున్నాడు గానీ మాట గట్టిగానే ఉంది. "మగాడే. 'గొడ్లని విప్పేయండి' అన్నాడు. విప్పకపోతే పగ్గాలతోనే పోయేవి." కాగితం మీద వేలిముద్ర వేశాడు. రెండు ఊళ్లలో ఎత్తినవాళ్లు పోయారు, పిల్లలు రాసిచ్చారు. ఒకచోట బడి మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "ఈవిడకి ఏమిస్తారు దీనికి?" అని అడిగాడు. నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయను.

అన్నిటికన్నా కష్టం రైలు గేటు ఊరు. అక్కడ గేటు మనిషి వదినని చూడగానే రెండు చేతులూ జోడించాడు.

"మీ గొంతేనమ్మా! ఎలా మరిచిపోతాను? నీళ్ల చప్పుడు కూడా వినబడింది వెనకాల."

"బాబూ, మీకు ఫోనొచ్చింది మూడూ ఇరవై ఐదుకి. అప్పుడు నేను అక్కడ లేను."

"లేకపోతే ఎవరు మాట్లాడతారమ్మా? మీరే. మా మనవలకి కూడా చెప్పాను."

గంటసేపు బతిమాలింది. మనిషి ఒప్పుకోడు. "మీరు మర్చిపోయారు, నేను మర్చిపోలేదు" అంటాడు. ఇక లాభం లేక ఆడగొంతు అనే రాయించి సంతకం తీసుకుంది.

"ఆ కాగితం చింపెయ్" అన్నాను బస్సులో.

"ఎందుకు? మనం కూడా సినిమా తీద్దామా?" అని సంచిలో పెట్టుకుంది.

అప్పుడే, బస్సు ఊగుతుంటే, నాకొక చెడ్డ ఆలోచన వచ్చింది. గేటు మనిషి చెప్పింది నిజమై, వదినే మర్చిపోయి ఉంటే? నేను ముప్పై నాలుగేళ్లు మర్చిపోలేదూ? ఆ తువ్వాలు పసుపుపచ్చదేనా? ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను. ఆ మాట వదినతో అనలేదు.

ఏడు కాగితాలయ్యేసరికి సినిమా వచ్చేసింది. కళ్లజోడు అచ్చం అదే. బోర్డుకి చిల్లులెన్నో లెక్కపెట్టి మరీ చేశారు, వదిన కూడా మెచ్చుకుంది. ఆ కళ్లజోడే పెట్టుకుని ఆయన మెట్లు దిగి పారిపోయాడు. హాల్లో ఎవడో చెప్పు విసిరాడు తెర మీదకి.

ఆ వారంలోనే సూపర్‌వైజరుగారింటికి వెళ్లాం. కూతురు తలుపు తీసింది. పెద్దావిడ కిటికీ పక్క కుర్చీలో ఉంది. వదిన కాగితాలు ఒక్కొక్కటీ చదివింది. పెద్దావిడ విన్నంతసేపు విని, "ఏమోనమ్మా" అంది. "ఆయన నాకెప్పుడూ ఇలా చెప్పలేదు. 'ఆ పిల్ల చేసింది, నేను పక్కన నిలబడ్డాను' అన్నారు. మొగుడి మాట నమ్మనా, నీ మాట నమ్మనా?"

"నా ఉద్యోగం కోసం అలా చెప్పారండీ."

"ఇన్నేళ్లు లేనిది సినిమా వచ్చాక గుర్తొచ్చిందా? వాళ్లే పంపారా నిన్ను, మా నోరు మూయించడానికి?"

"అమ్మా" అంది కూతురు.

"నువ్వుండవే. పొద్దున పాలవాడు కూడా జాలిగా చూశాడు నన్ను." వేళ్లతో కాగితాలు లెక్కపెట్టింది. "ఎనిమిది ఊళ్లన్నావు. ఇవి ఏడు. అందులో ఒకటి ఆడగొంతంటోంది. ఎనిమిదోది ఏదీ?"

"పడవల రేవండీ. ఆఖరి ఫోను, నాలుగూ నలభైకి. దాని తర్వాత లైను తెగింది."

"అది తీసుకురా. అప్పుడు ఆలోచిస్తాను."

"తెస్తాను" అంది వదిన. పెద్దావిడ ఆవిడ వైపు చూసి, "తిరిగి చెప్పు" అంది. ఎక్స్ఛేంజి మనిషితో కాపురం చేసిందిగా. వదిన చేతులు కట్టుకుని చెప్పింది, "పడవల రేవు. ఎనిమిదో కాగితం. నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను."

రేవుకి లాంచీ బుధవారం ఒక్కరోజే. ఆదివారం పొద్దున నేను గోడ రెండుసార్లు కొట్టాను. జవాబు రాలేదు. వెళ్లి చూస్తే కుర్చీలోనే ఉంది. చెయ్యి ముట్టుకోగానే తెలిసిపోయింది.

బుధవారానికి సంచి సర్దే ఉంచింది. నీళ్ల సీసా, మోకాలి పట్టీలు, రెండు తెల్లకాగితాలు, ఇంకుప్యాడు. పైకాగితం మీద ముందే రాసి పెట్టుకుంది: "లాంచీ పదిన్నరకి. రేవులో లాంచీ టికెట్లు చింపే పెద్దాయన, ఫోనెత్తింది ఆయనే. ఎడమ చెవి వినబడదట, కుడి పక్క నిలబడి అడగాలి. ఆడో మగో మనం ముందు చెప్పకూడదు."